డీజిల్‌లో పోసిన ఎర్ర నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పదేళ్ళు. పదేళ్ళకే ఒక ఇంటికి ఆస్థాన పండితురాలు కావడం ఎవరికీ మంచిది కాదని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు చాలా బాగుండేది. మందు సీసా మీద ఏముందో, రేడియో వెనక అట్ట మీద ఏముందో, మా నాన్నకు ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఏముందో, అన్నీ నా ముందుకే వచ్చేవి. నేను చాప మీద కూర్చుని, గొంతు సవరించుకుని, పైకి చదివి, అర్థం చెప్పేదాన్ని. అర్థం తెలిసినప్పుడు తెలిసిందే చెప్పేదాన్ని. తెలియనప్పుడు అంతకంటే గట్టిగా చెప్పేదాన్ని.

మాది జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా నాన్న ముందుగా పట్నం వచ్చి యూనివర్సిటీలో ల్యాబ్ అటెండరుగా చేరాడు. ఆయన వెనకే మా చిన్నాయన వచ్చి అక్కడే బస్సు డ్రైవరయ్యాడు. మేము తార్నాక వైపున్న క్వార్టర్లలో ఉండేవాళ్ళం. చిన్నాయన మాణికేశ్వర్ నగర్‌లో ఒక గది తీసుకుని ఉండేవాడు. తెల్లవారగానే క్యాంపస్‌కు అడ్డంగా నడుచుకుంటూ బస్సుల షెడ్డుకు వెళ్ళేవాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి చాయ్ తాగితే గానీ ఆయనకు ఆ రోజు పూర్తయ్యేది కాదు. మా వంశంలో స్టీరింగు పట్టుకున్న మొదటి మనిషి ఆయన. ఊళ్ళో ఎడ్లబండి తోలినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, ఎడ్లు సగం దారి వాటంతటవే పోతాయి కనుక దాన్ని ఆయన తోలడంగా ఒప్పుకునేవాడు కాదు. బస్తీలో చిన్నా పెద్దా ఆయన్ని 'డ్రైవర్ సాబ్' అనేవారు. ఖాకీ చొక్కా తనే ఉతుక్కునేవాడు. ఇంకొకరు ఉతికితే కాలరు నిలబడదని ఆయన నమ్మకం.

ఆ బస్సు గురించి కూడా చెప్పాలి. పొద్దున మమ్మల్ని, అంటే క్యాంపస్ ఉద్యోగుల పిల్లల్ని, తార్నాక మీదుగా సికింద్రాబాద్ బళ్ళలో దింపేది. మిగతా రోజంతా అమ్మాయిల హాస్టల్ వాళ్ళ పనుల మీద తిరిగేది. తిరిగేది అనడం నా మంచితనం. వానాకాలం పొద్దుట అది స్టార్ట్ కావడానికి గంట పట్టేది. ఓసారి దగ్గేది, ఓసారి నల్లటి పొగ వదిలేది, ఆ తర్వాత అలిగేది. హాస్టల్ అమ్మాయిలు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టారు. అందరూ కిందికి దిగి, చుట్టూ చేరి, వెనక నుంచి బతిమాలి నెడితే గానీ కదలదు కాబట్టి.

బస్సులను చూసుకునే అధికారిని మేము ట్రాన్స్‌పోర్ట్ సార్ అనేవాళ్ళం. బస్సు దారిలో రెండుసార్లు ఆగిపోయాక ఆయన చిన్నాయనను పిలిచి, ఇంకొక్కసారి బండి రోడ్డు మీద ఆగితే డ్రైవర్‌ను మార్చేస్తానని చెప్పాడు. బస్సును మార్చే అధికారం ఆయనకు లేదు. డ్రైవర్‌ను మార్చే అధికారం ఉంది. ఉన్న అధికారాన్ని వాడుకోవడం మనిషికి సహజం. ఆ సాయంత్రం చిన్నాయన మా ఇంట్లో చాయ్ సగమే తాగాడు. మా అమ్మ ఆ సగం గ్లాసును చూసి, ఏదో పెద్ద విషయమే అయి ఉంటుందనుకుంది.

ఇక ఎర్ర నూనె సంగతి. అంతకు ముందు రెండేళ్ళు మా క్యాంపస్‌లో ఒక విదేశీ ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయనకు ఓడలో వచ్చిన పొడుగాటి కారుండేది. దానికి క్లచ్ లేదు. గేర్లు తమంతట తామే మారేవి. ఈ వింతను చూడడానికి సీతాఫల్‌మండి నుంచి కూడా జనం వచ్చేవారు. చిన్నాయన ఆదివారాలు వెళ్ళి ఆ కారు కడిగి పెట్టేవాడు, కేవలం అందులో ఐదు నిమిషాలు కూర్చోవచ్చుననే ఆశతో. ప్రొఫెసర్ వెళ్ళిపోతూ చిన్నాయన చేతిలో ఒక డబ్బా పెట్టాడు. ఆ కారు గేర్లలో పోసే నూనె అది. మూత తీస్తే గులాబీ షర్బత్తులా ఎర్రగా, పల్చగా ఉండేది. కారు ఢిల్లీలో ఎవరికో అమ్ముడుపోయింది. నూనె మాణికేశ్వర్ నగర్‌లో దేవుడి పటం పక్కన మిగిలిపోయింది.

తార్నాక చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే అంటాను. నిలబడి ఇంజిన్ చప్పుడు విని, ఎక్కడ నొప్పో చెప్పగలిగిన మనిషి. బస్సు పొగ గురించి చిన్నాయన ఆయనతో రోజూ మొరపెట్టుకునేవాడు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు మసిబారి ఉంటాయని ఉస్తాద్ అనుమానం. వాటిని విప్పి కడగాలంటే పైనుంచి అనుమతి రావాలి, అనుమతి ఎప్పుడొస్తుందో పైవాళ్ళకే తెలియదు. అప్పుడు ఎర్ర నూనె మాట వచ్చింది. ఆ సంభాషణ చిన్నాయన తర్వాత నాకు చాలాసార్లు చెప్పాడు కాబట్టి నేను విన్నట్టే గుర్తు.

"లారీలోళ్ళు డీజిల్ల జరంత పల్చటి నూనె కలుపుతరు సాబ్. నాజిల్ సాఫ్ అయితది అంటరు. గీ లాల్ తేల్ అయితే ఇంకా మంచిదంట."

"అంటనా, నువ్వు సూసినవా?"

"నేనెక్కడ సూసిన? విన్న. డబ్బా మీద రాసి ఉంటది కద, ఏంట్ల పొయ్యాల్నో, ఏంట్ల పొయ్యద్దో. సదువొచ్చినోళ్ళకు సూపెట్టు. ఇంజిన్ల పొయ్యచ్చని ఉంటే పొయ్యి. లేకుంటే ముట్టకు."

ఇంతకంటే తెలివైన సలహా నేను ఆ తర్వాత పెద్ద పెద్ద కమిటీల్లో కూడా వినలేదు. ఉస్తాద్‌కు ఉర్దూ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. చిన్నాయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. మా క్యాంపస్‌లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు వందలమంది ఉన్నారు. ఇంజిన్‌ను నల్లబల్ల మీద బొమ్మ గీసి పాఠం చెప్పే పంతుళ్ళు కూడా ఉన్నారు. కానీ ఒక డ్రైవర్ వెళ్ళి వాళ్ళను అడిగితే, ఆ మాట సాయంత్రానికి ట్రాన్స్‌పోర్ట్ సార్ చెవిన పడుతుంది. అయినా వాళ్ళనెందుకు అడగడం? ఇంట్లోనే కాన్వెంటు చదువుతున్న బిడ్డ ఉంది కదా.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మా అరుగు మీదికి వచ్చారు. ఉస్తాద్ డబ్బా నాకిచ్చే ముందు చేతులు తన లుంగీకి తుడుచుకుని, డబ్బాను కూడా తుడిచాడు. ఒక పదేళ్ళ పిల్లకు అటొకరు ఇటొకరు, మీసాలున్న ఇద్దరు మనుషులు, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అంత గౌరవం నాకు ఆ తర్వాత పెళ్ళిపీటల మీద కూడా దక్కలేదు.

డబ్బా మీద అక్షరాలు చిన్నవి, మాటలు పొడుగువి. మొదటి వరుసలోనే నాకు తెలియని మాటలు రెండు తగిలాయి. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. నేను ఆగలేదు. సీతాఫల్‌మండిలో ఆగని మెయిల్ రైలులా పొడుగు మాటల మీదుగా గడగడా వెళ్ళిపోయి, నాకు తెలిసిన పొట్టి మాటల దగ్గర మాత్రం కూత వేశాను. 'ఆల్' అని ఉంది, 'యూజ్' అని ఉంది, 'క్లీన్' అని ఉంది. ఈ మూడింటినీ ఏరుకుని, మధ్యలో నా సొంత సరుకు పెట్టి, ఒక వాక్యం కట్టాను.

"అన్ని ఇంజిన్లల్ల పొయ్యచ్చు చిన్నాయనా. సాఫ్ చేస్తది అని రాసిండ్రు."

ఉస్తాద్ మెల్లగా అడిగాడు. "డీజిల్ అని ఉన్నదా బేటీ?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటతో అయిపోయేది. లేదు. కానీ నేను అప్పటికే గద్దె మీద కూర్చున్నాను, దిగడం ఎలాగో తెలియలేదు.

"అన్ని అంటే డీజిల్ ఇంజిన్ గూడ వస్తది కద?" అన్నాను, ఇంత చిన్న సంగతి కూడా చెప్పాలా అన్నట్టు.

"సూసినవా ఉస్తాద్!" అని చిన్నాయన తొడ చరుచుకున్నాడు. "గిదీ సదువంటే." ఉస్తాద్ నవ్వాడు గానీ డబ్బాను ఇంకోసారి తిప్పి చూశాడు, తనకు రాని అక్షరాలను. మా అమ్మ ముగ్గురికీ చాయ్ ఇచ్చింది. నాకు ఇవ్వడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున చిన్నాయన ఆ నూనె అర లీటరు బస్సు ట్యాంకులో పోశాడు. బస్సు మొదటిసారికే స్టార్ట్ అయింది. అబద్ధం కాదు, నేను దాంట్లోనే ఉన్నాను. మంగళవారం కూడా అంతే. హాస్టల్ అమ్మాయిలు అత్తగారికి బుద్ధి వచ్చిందని చప్పట్లు కొట్టారట. ఆ రెండు రోజులూ ఎండ బాగా కాసిందన్న విషయం ఎవరికీ తట్టలేదు. మంగళవారం సాయంత్రం చిన్నాయన నా కోసం తార్నాక నుంచి మిర్చి బజ్జీలు తెచ్చాడు. "గిది నీ సదువుకు" అని పొట్లం నా చేతిలో పెట్టాడు. తిన్నాను. చాలా బాగున్నాయి. ఇప్పటికీ ఎక్కడైనా మిర్చి బజ్జీ వేగుతున్న వాసన వస్తే ముఖం పక్కకు తిప్పుకుంటాను. డాక్టరు నూనె వద్దన్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు.

మంగళవారం రాత్రి నుంచి ముసురు పట్టింది. బుధవారం ట్యాంకులో డీజిల్ తగ్గితే షెడ్డులోని పీపా నుంచి నింపారు. గురువారం హాస్టల్ అమ్మాయిలు ఇరవైమందికి సికింద్రాబాద్‌లో పరీక్ష. ఓసారి తప్పి మళ్ళీ రాసుకుంటున్న పరీక్ష, కాబట్టి అందరి ముఖాలూ అంతంతమాత్రంగానే ఉన్నాయి. వాళ్ళనూ మమ్మల్నీ కలిపి ఎక్కించుకుని బస్సు బయల్దేరింది. తార్నాక దాటింది. మెట్టుగూడ ఎత్తు ఎక్కుతూ రెండుసార్లు తడబడి, మూడోసారి ఆగిపోయింది. చిన్నాయన సెల్ఫ్ కొట్టాడు. కొట్టాడు. ఇంకా కొట్టాడు. అది గుర్రుమని, తర్వాత కిర్రుమని, చివరికి చప్పుడు చేయడమే మానేసింది.

ఒకమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ఇంకొకమ్మాయి వాచీ చూసి, చదివింది ఏమైనా మిగిలి ఉంటే అదీ పోయిందంది. చిన్నాయన కిందికి దిగి, అటూ ఇటూ పరిగెత్తి, రిక్షాలను ఆపి, ముగ్గురిని ఒక్కోదాంట్లో ఎక్కించి పంపాడు. వాళ్ళు కొంచెం ఆలస్యంగా చేరారు, లోపలికి రానిచ్చారు. వాళ్ళ సంగతి అంతటితో సరి. కానీ కబురు క్యాంపస్‌కు చేరింది. వాళ్ళు అటు పోయేసరికి ట్రాన్స్‌పోర్ట్ సార్ జీపు ఇటు వచ్చింది. అదే సమయానికి ఉస్తాద్ కూడా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

ఉస్తాద్ ఇంజిన్ పక్క నుంచి ఫిల్టర్ కింద ఉండే గాజు గిన్నె విప్పి వెలుతురులోకి ఎత్తాడు. ఆ గిన్నె నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అడుగున రెండు వేళ్ళ మందాన మురికి నీళ్ళు. పైన డీజిల్, లేత ఎరుపు చాయతో.

"ఇదేమిటి, ఎర్రగా ఉంది?" అన్నాడు ట్రాన్స్‌పోర్ట్ సార్. "ఏం కలిపావ్?"

"గేర్ల నూనె సార్. అర లీటరు పోసిన."

"బుద్ధుందా నీకు? ఎవడు పొయ్యమన్నాడు?"

చిన్నాయన రోడ్డును చూశాడు, బస్సును చూశాడు, రైల్వే క్వార్టర్ల కప్పులను చూశాడు. నేను నిలబడ్డ వైపు ఒక్కటే చూడలేదు.

"ఎవ్వలు అనలే సార్. నాకే తోచింది."

"సాబ్, తేల్ కాదు సాబ్, గిది పానీ" అన్నాడు ఉస్తాద్, గిన్నె అడుగును చూపిస్తూ. "మీ పీపాల వాన నీళ్ళు పడ్డయ్. గింత నీళ్ళు తాగితే ఏ బండైనా ఆగుతది."

"నువ్వెవరు?" అన్నాడు ట్రాన్స్‌పోర్ట్ సార్.

ఉస్తాద్ మసి పట్టిన తన చొక్కా వైపు చూసుకున్నాడు. విచారణ అక్కడితో ముగిసింది. ఒకడు తప్పు ఒప్పుకున్నాక ఇంకొకడు నిజం చెప్పడం అధికారులకు చాలా ఇబ్బందిగా ఉంటుంది.

నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. మెడలో టై ఉంది, చేతిలో టిఫిన్ డబ్బా ఉంది, నోట్లో రెండు భాషలు ఉన్నాయి. నేను చదివాను సార్, నేనే తప్పు చెప్పాను సార్ అనడానికి ఏ భాషలోనైనా నాలుగు మాటలు చాలు. ఒక్కటీ రాలేదు. చిన్నాయన నా దగ్గరికొచ్చి, "బడికి టైమైతుంది బిడ్డా, పో, దగ్గర్నే కద" అన్నాడు. నేను మిగతా పిల్లలతో కలిసి నడుచుకుంటూ వెళ్ళిపోయాను. ఆ రోజు బడిలో పాఠం పైకి చదివినందుకు టీచరు నన్ను 'వెరీ గుడ్' అని మెచ్చుకుంది. స్పష్టంగా, ఎక్కడా ఆగకుండా చదివానట.

సాయంత్రానికి చిన్నాయన బస్సు తాళం చెవి అప్పగించేశాడు. మర్నాటి నుంచి ఆయన పని క్యాంపస్ నీళ్ళ ట్యాంకు దగ్గర. ఏ హాస్టల్‌కు ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసి వాల్వు తిప్పడం. మా ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఆ ఎర్ర డబ్బా ఉంది. తలుపు సందులోంచి చూసి, తిట్టడానికే తెచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి నన్ను పిలిచాడు.

"మల్ల సదువు" అన్నాడు. "ఈసారి వేలు పెట్టి సదువు. నీకు తెల్వని మాట వచ్చిన కాడ ఆగు. ఆగి, తెల్వది అను. మల్ల ముందలికి పో."

చదివాను. మొదటి మాట దగ్గరే వేలు ఆగింది. నా గొంతులోంచి చాలా చిన్నగా వచ్చింది, తెల్వది అని. ఆయన తల ఊపాడు. తర్వాతి మాట. తెల్వది. మళ్ళీ తల ఊపాడు. ఆయన బస్సు ప్రతి స్టాపులోనూ ఆగి, మనిషి ఎక్కేదాకా చూసి, మళ్ళీ కదిలినట్టు మేమిద్దరం ఆ డబ్బా చుట్టూ మెల్లగా తిరిగాం. మొత్తం పదిహేడు చోట్ల ఆగాను. 'ఆల్' పక్కనున్న మాట నాకు తెలియదు. 'యూజ్' ముందున్నదీ తెలియదు. 'క్లీన్' అన్నది డబ్బాను శుభ్రంగా ఉంచమని చెప్పడానికి రాసింది. చివరి అక్షరం దాకా వచ్చాం. ఇంజిన్ అన్న మాట లేదు. డీజిల్ అన్న మాట అసలే లేదు.

"అయితే ఇంజిన్ అని లేదన్నట్టు" అన్నాడు.

"లేదు" అన్నాను.

"మంచిది." డబ్బా మూత గట్టిగా బిగించాడు. "తెల్వది అంటే ఎవ్వలు కొట్టరు బిడ్డా. నేనైతే కొట్ట. ఆగుడు గూడ తోలుడే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన తన ఖాకీ చొక్కా అంచుతో నా ముఖం తుడిచి, ఈ ముచ్చట ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే రేపటి నుంచి నిన్ను ఎవ్వరూ చదవమని అడగరు, అడగకపోతే నువ్వు చదవవు అన్నాడు. ఆయన అది నా మేలు కోరే అన్నాడు. ఆ మేలును నేను ఎంత బాగా వాడుకున్నానో చెబితే గానీ ఈ జ్ఞాపకం పూర్తి కాదు.

ఎందుకంటే, చెప్పడానికి నాకు చాలా రోజులే మిగిలి ఉన్నాయి. అదే బస్సు కొత్త డ్రైవర్ చేతిలో ఆ నెలలోనే మూడుసార్లు ఆగింది. చివరికి ఎవరో షెడ్డులోని పీపా మూత పోయిందని కనిపెట్టి, కొత్త మూత చేయించారు. బస్సు కుదుటపడింది. పీపాకు మూత పెట్టించిన ఆఫీసుకు, డ్రైవర్‌ను మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాలన్న ఆలోచన రాలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి కదా. అప్పుడైనా ఒకరు వెళ్ళి, సార్, ఆయనంతట ఆయన చేయలేదు, డబ్బా మీద రాసి ఉందని నేను అబద్ధం చెప్పాను అని ఉంటే, ట్రాన్స్‌పోర్ట్ సార్ మనసు మెత్తబడేదేమో. నేను ఒకరోజు నిజంగానే వెళ్ళాను. వాక్యాలు ఇంగ్లీషులో తయారు చేసుకుని మరీ వెళ్ళాను. సార్ భోజనానికి వెళ్ళాడని ప్యూను చెప్పాడు. వరండాలో కుండలోని చల్లటి నీళ్ళు తాగి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు గడిచినా, నా లెక్కలో ఆయన ఇంకా భోజనం చేస్తూనే ఉన్నాడు.

చిన్నాయన రిటైరయ్యేదాకా ఆ నీళ్ళ ట్యాంకు దగ్గరే ఉన్నాడు. వాల్వుకు ఇనుప చక్రం ఉంటుంది. స్టీరింగు కంటే చిన్నది. దాన్ని పట్టుకునేటప్పుడు కూడా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టినట్టే, గడియారంలో పది దగ్గర ఒకటి, రెండు దగ్గర ఒకటి పెట్టేవాడు. దూరాన రోడ్డు మీద బస్సు పోతుంటే తిప్పడం ఆపి వినేవాడు. "ఇంక సెకండ్ గేర్లనే గుంజుతున్నడు. మార్చరా అయ్యా" అని గొణిగేవాడు. హాస్టల్ ట్యాంకు ఆ కాసేపు నిండకుండా ఆగేది. బస్తీలో మాత్రం ఆయన్ని చివరిదాకా డ్రైవర్ సాబ్ అనే పిలిచారు. మర్యాదకే పిలిచారు. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా, పక్కనే నేనుంటే, నా చెప్పుల వైపు చూసుకునేదాన్ని.

నేను పెద్దయి ఇంగ్లీషు లెక్చరర్‌ను అయ్యాను. దాంతో, ఆ డబ్బాను నేను మొదటి నుంచీ సరిగ్గానే చదివి ఉంటానని మా బంధువుల్లో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఓసారి కాలేజీలో, మెకానికల్ పాఠాలు చెప్పే ఒకాయనను, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, గేర్ల నూనెను డీజిల్‌లో కలపవచ్చునా అని. ఆయన చాక్‌పీసు కింద పెట్టి ఇష్టంగా చెప్పాడు. అంత పెద్ద ట్యాంకులో అర లీటరు పోస్తే చంపేదీ లేదు, బతికించేదీ లేదట. మసి కొంచెం కడుగుతుందని కొందరు నమ్ముతారట, పొగ కొంచెం పెరగవచ్చట. దాని కోసం చేసిన వస్తువు కాదు కాబట్టి పోయకపోవడమే మంచిదట. గాజు గిన్నె అడుగున కనబడ్డ నీళ్ళ సంగతి కూడా చెబితే, నీళ్ళు కలిసిన డీజిల్‌కు ఏ నూనె కూడా మందు కాదన్నాడు. బండి ఆగింది నీళ్ళ వల్లే అయి ఉంటుందన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆదివారం మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. చిన్నాయన అప్పటికి ముసలివాడయ్యాడు. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. నేను కూడా పక్కన కూర్చుని తీస్తూ, మెకానికల్ ఆయన చెప్పిందంతా చెప్పాను. తప్పు నూనెది కాదని, పీపాదని చెప్పాను. ఏదో గొప్ప కబురు తెచ్చినట్టే చెప్పాను.

"గది ఉస్తాద్ గా దినమే అన్నడు కద" అన్నాడు ఆయన, తాపీగా.

అప్పుడు, ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా, నేను అసలు మాట ఎత్తాను. చిన్నాయనా, నేను ఆ రోజు చదవలేదు, చదివినట్టు నటించాను అన్నాను. ఆయన కాయ ఒకటి విరిచి, ఈనె లాగి, పళ్ళెంలో వేశాడు.

"నాకు ఎర్కనే బిడ్డా. ఆదివారం నాడే ఎర్క. నోరు ఉరుకుతున్నది గని నీ కండ్లు ఒక్క కాడనే ఉన్నయ్. గట్ల సదువుతరా ఎవలన్న?" నవ్వాడు. "నాకు పొయ్యాలని ఉండె. పొయ్యమనెటోళ్ళు ఒకరు కావాలె, గంతే. నువ్వు కాకుంటే ఇంకొకల్ని అడిగేటోన్ని. గది నా మీదనే ఉండాలె, నీ మీద కాదు."

ఆ తర్వాత మేము చిక్కుడుకాయల గురించే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ఆయన లేడు. డబ్బా నా బల్ల మీద ఉంది, లోపల పెన్సిళ్ళు ఉన్నాయి. కొత్తగా డీజిల్ కారు కొనుక్కున్న బంధువుల పిల్లలు ఫోన్ చేసి, ఎవరో ఏదో పొయ్యమన్నారు, పొయ్యొచ్చా అని నన్ను అడుగుతుంటారు. బండితో వచ్చిన పుస్తకంలో ఏముందో వేలు పెట్టి చదవమని చెబుతాను. నా తరగతిలో ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు నేర్పిందీ అదే. తెలియని మాట దగ్గర ఆగడం. వ్యాకరణం వాళ్ళు ఎలాగూ మర్చిపోతారు.

కానీ చిక్కుడుకాయలు తీస్తూ చిన్నాయన అన్న ఆ చివరి మాట ఒకటి నాతో ఉండిపోయింది. ఆయనకు నిజంగానే ఆ ఆదివారం తెలుసా? నిజంగానే ఎలాగైనా పోసేవాడా? లేక బజ్జీలు తిన్న పిల్ల ముసలితనం దాకా చెప్పుల వైపు చూసుకుంటూ బతకకూడదని, చిక్కుడుకాయ ఈనె తీసినంత తేలిగ్గా, అక్కడికక్కడ అల్లి చెప్పాడా? తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు ఆ మాటను మొదటి నుంచి మళ్ళీ చదువుకుంటాను. ప్రతిసారీ వేలు అక్కడికి వచ్చి ఆగుతుంది. లెక్చరర్‌గా రిటైరైన నాకు ఆ ఒక్క చోట మాత్రం పుస్తకాల తెలుగు రాదు.

తెల్వది, చిన్నాయనా.